పంచాయతీ కంప్యూటరు వయస్సు ఎంత?

సంతలో ఎద్దును కొనదలచిన రైతు అమ్మువాని మాట నమ్మి డబ్బు చెల్లింపడు. దాని నోరు తెరచి పళ్లు చూచును. రెండు పళ్లు వేసినదా, నాలుగు వేసినదా, ఆరు వేసినదా అని లెక్కించి వయస్సును తానే నిశ్చయించుకొనును. పంచాయతీ కార్యాలయములో బల్లమీదనున్న కంప్యూటరు విషయమున మాత్రము మనము ఇట్టి జాగ్రత్త వహించుట లేదు. ఎన్నాళ్లనాటిదని ఎవరైన అడిగినచో కొనుగోలు బిల్లు చూపి ఊరకుందుము. కాని బిల్లు తెలుపునది పెట్టె వయస్సును మాత్రమే. లోపల దానిని నడపుచున్న ఆపరేటింగ్ సిస్టమ్ వయస్సు వేరు. అది ఏనాడు ఎక్కించబడినది, దానికి ఎంతకాలము వరకు రక్షణ గలదు అను రెండు సంగతులు తెలియనిచో పంచాయతీ దస్త్రములకు ముప్పు వాటిల్లవచ్చును. ఆ సంగతులను తెలిసికొను విధమును వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఒక గ్రామములో జరిగినది

ఇటీవల ఒక గ్రామ పంచాయతీ కార్యాలయమునకు వెళ్లుట తటస్థించినది. వీధి కుళాయిల విషయమై 2020లో పంచాయతీ వ్రాసిన లేఖ ప్రతి కావలెనని వార్డు సభ్యురాలొకరు అడుగుచుండిరి. కార్యదర్శి కంప్యూటరంతయు వెదకినను లేఖ కానరాలేదు.

"ఈ కంప్యూటరు ఎప్పటిది, కార్యదర్శి గారూ?" అని ఆమె అడిగిరి.

"2019 నాటిదమ్మా. బిల్లు కూడ ఉన్నది."

"అట్లయిన 2020 నాటి కాగితము అందులో ఉండవలెను గదా!"

ప్రశ్న న్యాయమైనది. కార్యదర్శి సెట్టింగ్స్ తెరచి చూడగా, విండోస్ ఎక్కించిన తేదీ 2022 నవంబరు నెలలోనిదిగా కనబడినది. అంతకు పూర్వపు దస్త్రము ఒక్కటియు ఆ డిస్కులో లేదు. స్టాకు రిజిస్టరులో దీనిని గురించి ఒక్క అక్షరమైనను వ్రాసియుండలేదు. తుదకు అటెండరు జ్ఞాపకము చేసికొని చెప్పెను: ఆ యేడు కరెంటు హెచ్చుతగ్గులవలన కంప్యూటరు పనిచేయక పోగా పట్టణములోని అంగడికి తీసికొనిపోయిరట. మెకానిక్కు డిస్కును తుడిచివేసి విండోస్‌ను క్రొత్తగా ఎక్కించి ఇచ్చెనట. పాత దస్త్రములను ముందుగా వేరుచోట దాచవలెనని ఎవరికిని తోచలేదు. ఇప్పటి కార్యదర్శి అటుపిమ్మట బదిలీపై వచ్చినవారు గనుక వారికి ఈ సంగతి తెలియదు.

ప్రభుత్వ సర్వరులో నమోదైన లెక్కలు దక్కినవి. కంప్యూటరులో మాత్రమే ఉన్న మూడేండ్ల లేఖలు, తీర్మానముల ముసాయిదాలు, పనుల ఫోటోలు పోయినవి. సభ్యురాలు కోరిన లేఖ ప్రతిని మండల కార్యాలయపు ఫైలునుండి తెచ్చుకొనవలసి వచ్చినది. నష్టము జరిగిన చాలకాలమునకు గాని నష్టము జరిగినట్లే తెలియలేదు. ఆ ఒక్క తేదీని నాడే రిజిస్టరులో వ్రాసియున్నచో ఇంతవరకు వచ్చెడిది కాదు.

మూడు వయస్సులు

కంప్యూటరుకు మూడు వయస్సులు గలవని సభ్యులు గ్రహింపవలెను.

మొదటిది యంత్రము వయస్సు. ఇది బిల్లునుబట్టి తెలియును.

రెండవది అందులోని ఆపరేటింగ్ సిస్టమ్ ఏ తరమునకు చెందినదను సంగతి. ఆపరేటింగ్ సిస్టమ్ అనగా యంత్రమును మేల్కొలిపి, మీటలను, తెరను, ప్రింటరును, డిస్కును ఒక్కత్రాటిపై నడపు మూల కార్యక్రమము. మన కార్యాలయములలో ఎక్కువగా కనబడునది మైక్రోసాఫ్ట్ సంస్థవారి విండోస్. అందులో విండోస్ 7 అనునది 2009లోను, విండోస్ 10 అనునది 2015లోను, విండోస్ 11 అనునది 2021లోను వెలువడినవి.

మూడవది ఆ సిస్టమ్‌ను మన యంత్రములో ఎక్కించిన తేదీ.

బావిమీది మోటారును తలచుకొన్నచో ఈ భేదము సులభముగా బోధపడును. మోటారు కొన్నది ఒకనాడు. ఆ నమూనా కంపెనీ తయారు చేయ మొదలిడినది అంతకు ముందెన్నడో. వైండింగు కాలిపోయి తిరిగి చుట్టించినది మరియొకనాడు. ఈ మూడింటిలో ఒకటి తెలిసినంత మాత్రమున మిగిలినవి తెలిసినట్లు కాదు. 2019లో కొన్న కంప్యూటరులో 2015 నాటి విండోస్ 10 ఉండవచ్చును. దానిని ఎక్కించినది 2022లో కావచ్చును.

తేదీని చూచు విధము

విండోస్ 10 లేక విండోస్ 11 గల కంప్యూటరులో స్టార్టు బొత్తామును నొక్కి సెట్టింగ్స్ తెరవవలెను. అందు సిస్టమ్ అను భాగములో చివరగా అబౌట్ అను శీర్షిక ఉండును. దానిని తెరచి క్రిందికి పోయినచో విండోస్ స్పెసిఫికేషన్స్ అను పట్టిక కనబడును. అందు ఎడిషన్, వెర్షన్ అను వరుసలతోబాటు ఇన్‌స్టాల్డ్ ఆన్ అను వరుస గలదు. దానికెదురుగా ఉన్నదే విండోస్ ఎక్కించిన తేదీ. ఇది చూచుటకు రెండు నిమిషములు చాలును.

రెండవ విధము గలదు. స్టార్టు నొక్కి సి, ఎమ్, డి అను మూడక్షరములు టైపుచేసి ఎంటర్ నొక్కినచో నల్లని పలక తెరచుకొనును. అందు ఎస్, వై, ఎస్, టి, ఇ, ఎమ్, ఐ, ఎన్, ఎఫ్, ఓ అను పది అక్షరములను ఎడములేకుండ టైపుచేసి ఎంటర్ నొక్కవలెను. కొంచెము సేపటికి పెద్ద జాబితా వచ్చును. అందులో ఒరిజినల్ ఇన్‌స్టాల్ డేట్ అను వరుసలో తేదీయేగాక గంటలు, నిమిషములు సైతము కనబడును. ఆ జాబితాలోనే బయోస్ వెర్షన్ అను వరుసలో మరియొక తేదీ యుండును. అది యంత్రపు బోర్డుకు సంబంధించినది. బిల్లు పోయినచోట యంత్రము ఇంచుమించు ఏనాటిదో ఊహించుటకు అది ఉపకరించును.

ఇచట ఒక హెచ్చరిక. కొన్ని కంప్యూటరులు తేదీని అమెరికా పద్ధతిలో, అనగా నెలను ముందుంచి చూపును. 4/3/2022 అని కనబడినచో అది మార్చి 4వ తేదీయా, ఏప్రిల్ 3వ తేదీయా అని సరిచూచుకొని, రిజిస్టరులో నెల పేరును అక్షరములలో వ్రాయుట మేలు.

యంత్రము తేదీని లెక్కించు తీరు

విండోస్ ఈ తేదీని తన రిజిస్ట్రీ అను అంతరంగ పుస్తకములో మనవలె దినము, నెల, సంవత్సరము అని వ్రాసికొనదు. 1970 జనవరి 1వ తేదీ గ్రీనిచ్ అర్ధరాత్రి మొదలుకొని ఎన్ని సెకండ్లు గడచినవో ఆ సంఖ్యను మాత్రమే వ్రాసికొనును. ఉదాహరణకు 2020 జనవరి 1వ తేదీని తీసికొందము. 1970 నుండి 2019 చివరివరకు 50 సంవత్సరములు. సంవత్సరమునకు 365 చొప్పున 18,250 దినములు. నడుమ వచ్చిన లీపు సంవత్సరములు 12 గనుక అన్నియు కలిపి 18,262 దినములు. దినమునకు 86,400 సెకండ్లు. హెచ్చవేయగా వచ్చునది 157 కోట్ల 78 లక్షల 36 వేల 800. ఈ సంఖ్య రిజిస్ట్రీలో కనబడినచో ఆ విండోస్ మన కాలమానము ప్రకారము 2020 జనవరి 1వ తేదీ ఉదయము 5 గంటల 30 నిమిషములకు ఎక్కించబడినదని అర్థము.

రిజిస్ట్రీని తెరచి చూచుట శిక్షణ పొందినవారు చేయదగిన పని. అందు ఒక్క అంకె మారినను కంప్యూటరు చెడిపోవచ్చును. సభ్యులు లెక్క యొక్క మర్మము తెలిసికొన్న చాలును. తేదీకొరకు పైన చెప్పిన సులభ మార్గములనే అనుసరింపవలెను.

తేదీ తప్పుదారి పట్టించు సందర్భములు

తెరమీద కనబడిన తేదీ ఎల్లప్పుడును మొట్టమొదట ఎక్కించిన తేదీయే అని భావింపరాదు.

ఒకటి: విండోస్‌కు నెలనెలా చిన్న సవరణలు వచ్చును. వీటివలన ఎక్కించిన తేదీ మారదు. అప్పుడప్పుడు మాత్రము సిస్టమ్ మొత్తమును మార్చివేయు పెద్ద సవరణలు వచ్చును. అట్టివి జరిగినపుడు ఎక్కించిన తేదీగా ఆనాటి తేదీయే క్రొత్తగా నమోదగును. దస్త్రములు మాత్రము చెక్కుచెదరవు. కావున తేదీ క్రొత్తదిగా ఉన్నంతమాత్రమున ఎవరో డిస్కును తుడిచివేసిరని నింద మోపుట తగదు. పెద్ద సవరణ జరిగినచో పాత తేదీలు రిజిస్ట్రీలో సెటప్ అను విభాగమున సోర్స్ ఓఎస్ అను పేరుతో సాధారణముగా మిగిలియుండును. తెలిసినవారిచే వానిని చూపించుకొనవచ్చును. ఆ గుర్తులును లేక, పాత దస్త్రములును లేకున్నచో క్రొత్తగా ఎక్కించినట్లు భావింపవచ్చును.

రెండు: ఒక కంప్యూటరు డిస్కును ఉన్నదున్నట్లుగా వేరొక డిస్కులోనికి ప్రతి తీసినచో పాత తేదీ కూడ దానివెంట వచ్చును. క్రొత్త డిస్కు పాత వయస్సు చెప్పును.

మూడు: యంత్రపు బోర్డులో నాణెమంతటి చిన్న బ్యాటరీ యుండును. కరెంటు లేనపుడు గడియారమును నడపునది అదియే. అది ఖాళీయైనచో తేదీ ఎన్నో యేండ్లు వెనుకకు పోవును. ఆ స్థితిలో విండోస్ ఎక్కించినచో తప్పు తేదీయే నమోదగును. యంత్రము కొన్ననాటికంటె ముందే విండోస్ ఎక్కించినట్లు కనబడినచో డిస్కు ప్రతి వచ్చినదేమో, గడియారము తప్పినదేమో విచారింపవలెను.

నాలుగు: కొందరు విండోస్ అను ఫోల్డరు పుట్టిన తేదీని చూచి అదియే ఎక్కించిన తేదీ అందురు. ఇది సరికాదు. ఆ తేదీ చాలసార్లు మైక్రోసాఫ్ట్‌వారు ఆ కూర్పును సిద్ధపరచిన నాటిది.

దస్త్రముల తేదీలను గురించియు ఒక మాట. ఒక దస్త్రమును పెన్‌డ్రైవునుండి కంప్యూటరులోనికి ప్రతి తీసినపుడు, పుట్టిన తేదీగా ప్రతి తీసిన దినము పడును. చివరగా దిద్దిన తేదీ మాత్రము పాతదే నిలుచును. కావున దిద్దిన తేదీ పుట్టిన తేదీకంటె ముందుగా ఉన్నచో ఆశ్చర్యపడవలదు. ఆ దస్త్రము వేరొకచోటునుండి వచ్చినదని దాని అర్థము.

లినక్స్ వాడు కార్యాలయములలో

కొన్ని ప్రభుత్వ కార్యాలయములలో విండోస్‌కు బదులు లినక్స్ వాడుకలో గలదు. సీ-డాక్ సంస్థవారు రూపొందించిన బాస్ అను భారతీయ సిస్టమ్ ఈ కోవకు చెందినదే. లినక్స్‌లో విండోస్‌వలె ఒకేచోట వ్రాసిన తేదీ ఉండదు. డిస్కు భాగమును ఏనాడు సిద్ధపరచిరో ఆ తేదీని చూచి ఊహింపవలెను. ట్యూన్2ఎఫ్ఎస్ అను ఆజ్ఞ ఇచ్చినచో ఫైల్‌సిస్టమ్ క్రియేటెడ్ అను వరుసలో ఆ తేదీ కనబడును. ఎక్కించునపుడు డిస్కును క్రొత్తగా సిద్ధపరచుట సామాన్యము గనుక ఈ రెండు తేదీలు సాధారణముగా ఒకటే యగును.

ఈ తేదీలతో మనకేమి పని?

ఆపరేటింగ్ సిస్టమ్‌లో లోపములు అప్పుడప్పుడు బయటపడుచునే యుండును. దొంగలు అట్టి సందులనుండి లోపలికి ప్రవేశింతురు. తయారు చేసిన సంస్థ ఆ సందులను పూడ్చు సవరణలను పంపుచుండును. కాని ప్రతి సిస్టమ్‌కు ఒక గడువు గలదు. గడువు తీరిన పిదప సవరణలు రావు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8వ తేదీతోను, విండోస్ 7కు 2020 జనవరి 14వ తేదీతోను, విండోస్ 10కి 2025 అక్టోబరు 14వ తేదీతోను సాధారణ సవరణలు నిలిచినవి. విండోస్ 10 విషయములో సంస్థలు రుసుము చెల్లించి మరి మూడు సంవత్సరములకు మించకుండ భద్రతా సవరణలను పొందు ఏర్పాటు కలదు.

ఇచట ముఖ్యముగా గమనింపవలసినది ఒకటి గలదు. గడువు లెక్క సిస్టమ్ తరమునుబట్టియే గాని ఎక్కించిన తేదీనిబట్టి కాదు. గడువు తీరిన విండోస్ 7ను నిన్ననే ఎక్కించినను అది గడువు తీరినదే. తాళము క్రొత్తదైనను దాని మారుతాళపుచెవి దొంగలచేత ఉన్నప్పుడు ఫలమేమి?

సవరణలను వేయకున్న ఏమగునో 2017లో లోకమునకు తెలిసివచ్చినది. ఆ సంవత్సరము మార్చి 14న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్‌లోని ఒక పెద్ద లోపమునకు సవరణ విడుదల చేసినది. రెండు మాసములైనను ఎన్నియో కంప్యూటరులలో దానిని వేసికొనలేదు. మే 12న వన్నాక్రై అను దుష్ట కార్యక్రమము ఆ సందునుండియే ప్రవేశించి, దస్త్రములన్నిటిని తాళము వేసినట్లు మూసివేసి, తెరచుటకు 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్ చెల్లింపుమని బెదరించినది. బ్రిటనులో ఆసుపత్రుల పనులు స్తంభించినవి. మన దేశములో కేరళ రాష్ట్రమున వయనాడు, పత్తనంతిట్ట జిల్లాలలోని గ్రామ పంచాయతీ కార్యాలయముల కంప్యూటరులు సైతము దీని వాతబడినవి. గ్రామ పంచాయతీ కంప్యూటరును ఎవరు పట్టించుకొందురను ధీమా తగదని ఇందువలన స్పష్టమగుచున్నది.

2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఇ-గ్రామ్ స్వరాజ్ ద్వారా పంచాయతీల ప్రణాళికలు, లెక్కలు, చెల్లింపులు నడచుచున్నవి. చెల్లింపులకు డిజిటల్ సంతకము చేయునది కార్యాలయ కంప్యూటరునందే. అట్టి కంప్యూటరు రక్షణలేనిదైనచో, తలుపులేని గదిలో ఇనుపపెట్టెను ఉంచినట్లే యగును.

పంచాయతీ చేయవలసిన పనులు

మొదటిది: స్టాకు రిజిస్టరులో కంప్యూటరుకు ఒక పుట కేటాయింపవలెను. అందు యంత్రము కొన్న తేదీ, దాని సీరియల్ నంబరు, ఆపరేటింగ్ సిస్టమ్ పేరు, వెర్షన్, ఎక్కించిన తేదీ, ఎక్కించినవారి పేరు, ఎక్కించుటకు కారణము, సవరణల గడువు తీరు తేదీ అను వరుసలు ఉండవలెను. వెర్షన్ తెలిసికొనుటకు స్టార్టు నొక్కి డబ్ల్యు, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అను ఆరక్షరములు టైపుచేసి ఎంటర్ నొక్కిన చాలును. విండోస్ 11లో ఒక్కొక్క వెర్షన్‌కు కూడ వేరువేరుగా గడువు గలదు గనుక ఈ వరుసను అశ్రద్ధ చేయరాదు.

రెండవది: మూడు మాసములకొకమారు ఆ పుటను తెరచి, కంప్యూటరులో కనబడు తేదీతో సరిపోల్చవలెను. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ అను భాగములో చివరి సవరణ ఏనాడు పడినదో చూచి దానిని కూడ వ్రాయవలెను. తేదీ మారినచో కారణము అడిగి నమోదు చేయవలెను.

మూడవది: మరమ్మతుకు ఇచ్చుటకు ముందు దస్త్రములన్నిటిని వేరొక డిస్కులోనికి ప్రతి తీయవలెను. యంత్రమే పనిచేయనిచో, ముందుగా డిస్కులోని దస్త్రములను వెలికితీయవలెననియు, అనుమతి లేకుండ తుడిచివేయరాదనియు మెకానిక్కుకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను.

నాలుగవది: నెలకొకమారైనను ప్రతి తీసి, ఆ డిస్కును కంప్యూటరునుండి విడదీసి బీరువాలో భద్రపరుపవలెను. తగిలించియే యుంచిన డిస్కును వన్నాక్రైవంటి దుష్ట కార్యక్రమములు కూడ మూసివేయగలవు.

ఐదవది: గడువు తీరిన సిస్టమ్ ఉన్నచో, ఆ యంత్రము విండోస్ 11కు తగునో తగదో పరీక్షింపజేయవలెను. టీపీఎమ్ 2.0 అను భద్రతా ఏర్పాటు లేని పాత యంత్రములు అందుకు తగినవి కావు. అట్టిచో రుసుముతో సవరణలు పొందుటయా, లినక్స్‌కు మారుటయా, క్రొత్త యంత్రము కొనుటయా అను విషయమును పై అధికారుల సలహాతో సభ నిర్ణయింపవలెను. అంతవరకు ఆ యంత్రముపై డిజిటల్ సంతకములు చేయకుండుట క్షేమము.

ఈ పనులలో మొదటి నాలుగింటికి పెద్ద వ్యయము లేదు. కావలసినది ఒక రిజిస్టరు పుట, ప్రతులు తీయుటకు ఒక డిస్కు, అడుగు అలవాటు మాత్రమే. కంప్యూటరు విద్య తెలియదని సభ్యులు సంకోచింపనక్కర లేదు. పైన చెప్పిన గ్రామములో అసలు సంగతి బయటపడినది నిపుణునివలన కాదు, "ఇది ఎప్పటిది?" అని అడిగిన వార్డు సభ్యురాలివలన. రాబోవు సమావేశములో మన సభ్యులందరును ఆ ప్రశ్ననే అడిగి, వచ్చిన సమాధానమును తెరమీది తేదీతో సరిచూచి, రిజిస్టరులో వ్రాయించెదరుగాక.